నైషమ్మను చూసొచ్చినాం

పోయిన పుష్య మాసంలో మా హెబ్బగోడి నుంచి ఇరవై రెండు మంది హైదరాబాదుకు పోయి ఈజిప్టు మమ్మీని చూసి వచ్చినాం. ఈజిప్టుకే పోవాలంటే పాసుపోర్టు, వీసా, విమానం చార్జీలు కలిపి మనకొచ్చిన గ్రాచ్యుటీ అంతా ఒక్క గుటకకే అయిపోతుంది. హైదరాబాదుకైతే బస్సు, లాడ్జి, తిండి అన్నీ కలిపి మనిషికి రెండు వేల మూడు వందలు పడింది. ఆ డబ్బు కూడా నెలకు రెండు వందల లెక్కన చీటీ వేసుకుని ఏడాది నుంచి కూడబెట్టుకున్నదే. చూసింది రాసి పెట్టమని మన పత్రిక వాళ్ళు అడిగినారు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఏడాదికొకసారి మా గుంపు ఎక్కడికో ఒకచోటికి పోతుంది. తిరుపతి అయింది, మంత్రాలయం అయింది, ధర్మస్థల రెండు మార్లయింది. ఈసారి ఎక్కడికని మాట్లాడుకుంటా ఉంటే డిగ్రీలో చరిత్ర చదివే మా మనవరాలు మధ్యలో దూరింది. "అవ్వా, మన దేశంలో మమ్మీలుండేది ఆరు చోట్లే. కలకత్తా, ముంబై, లక్నో, జైపూరు, వడోదర, హైదరాబాదు. దక్షిణాదిలో ఒక్క హైదరాబాదులోనే. మీరంతా గుడ్డ మీద బతికినోళ్ళు గదా, రెండు వేల ఏండ్ల నాటి గుడ్డ చూడొద్దా?" అనింది.

మా వదిన అంతెత్తు లేచింది. "శవాన్ని చూసేదానికి దుడ్లిచ్చి పోతారా ఎవరైనా? మైల కాదా? చూసినంక తలస్నానం చేయకుండా అన్నమెట్లా తినేది?" అని. ఆమె మాటా తీసిపారేసేది కాదు. మన ఇండ్లలో ఎవరైనా పోతే పదకొండు దినాలు ఎంత పట్టింపుగా ఉంటామో అందరికీ తెలుసు. అటో ఇటో తేలక గంటసేపు వాదులాడుకున్నాం. చివరికి కార్డింగ్ మామ గొంతు సవరించుకుని, "మనం నేసిన గుడ్డ రెండేండ్లు నిలిస్తే గొప్ప. రెండు వేల ఏండ్లు నిలిచిన గుడ్డంటే నేను వస్తా, మీరు రాకపోయినా వస్తా" అన్నాడు. ఆయన నోట మాట రావడమే కష్టం. వచ్చినాక ఇంక ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆయనకు కార్డింగ్ మామ అనే పేరు ఎందుకొచ్చిందో పాతోళ్ళకు తెలుసు. బ్లో రూములో, కార్డింగులో కలిపి ముప్ఫై ఒక్క ఏండ్లు చేసినాడు. బేళ్ళు విప్పేది, దూది దులిపేది, ఏకేది అంతా అక్కడే గదా. షిఫ్టు దిగి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. నేను పనిచేసింది వైండింగులో, మాకు ఆ దుమ్ములో పావు వంతు కూడా లేదు. ఇప్పుడాయన మెట్లు నాలుగెక్కితే నిలబడిపోతాడు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పంపు పీల్చుకోవాల. వాళ్ళ కొడుకు వద్దంటే వద్దన్నాడు. చివరికి ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, దారిలో ఏమైనా అయితే చూపించండని మా చేతికిచ్చి పంపినాడు. ఈ కవరు సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత చెప్తా.

పోవాలనుకునేవాళ్ళకు ఒక మాట. హైదరాబాదులో ఈ మ్యూజియముకూ, సాలార్‌జంగ్ మ్యూజియముకూ శుక్రవారం సెలవు. అందుకే మేం శుక్రవారం సాయంత్రం బయలుదేరి శనివారం పొద్దునకు దిగేట్టు పెట్టుకున్నాం. హోసూరు రోడ్డు మీద సిల్క్ బోర్డు దాటేదానికే గంటన్నర పట్టింది. పైన మెట్రో జుమ్మని పోతా ఉంటే కింద మా మినీ బస్సు తాబేలు మాదిరి. దేవనహళ్ళి దాటినాక గాలి తగిలింది. బాగేపల్లి కాడ తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

ఆ రాత్రి బస్సులో మా మనవరాలు చెప్పిన కథ ఒకటి ఉండాది. మమ్మీ కంటే నాకు అదే ముందు గుర్తొస్తుంది. ఈజిప్టులో నైలు నది పడమటి ఒడ్డున, ఇప్పటి లక్సరు ఊరి ఎదురుగా, రాజుల సమాధులు తొలిచే పనివాళ్ళకని ఒక ఊరు కట్టినారు. ఇప్పుడు దాన్ని దేర్ ఎల్-మదీనా అంటారు. రాళ్ళు కొట్టేవాళ్ళు, బొమ్మలేసేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు పెండ్లాం బిడ్డలతో అక్కడే కాపురం. అచ్చంగా మన లైను ఇండ్ల లెక్క. జీతం డబ్బులు కాదు, ధాన్యం. గోధుమలు రొట్టెకు, బార్లీ కల్లు మాదిరి తాగే బీరుకు. ఎవరెప్పుడు పనికి రాలేదో, ఎందుకు రాలేదో రాతి పెచ్చుల మీద రాసిపెట్టినారు. అట్లాంటి హాజరు పట్టీ ఒకటి లండను మ్యూజియములో ఉందంట. ఒకనికి కండ్లు బాగాలేవు, ఒకనికి తేలు కుట్టింది, ఒకడు బీరు కాచుకుంటా ఉండాడు, ఒకడు ఇంట్లో చావు జరిగి రాలేదు. బీరు కాచేదానికి సెలవు దొరికేదని విని బస్సులో మగవాళ్ళంతా ఒకటే నవ్వు.

మూడో రామ్సెస్ అనే రాజు ఏలుబడిలో 29వ ఏట ఆ ఊరికి రావాల్సిన ధాన్యం రాలేదు. ఇప్పటికి 3,000 ఏండ్లకు పైమాట. కొన్ని దినాలు చూసినారు. ఇంక లాభం లేదని పనిముట్లు పడేసి, కాపలా గోడలు దాటి పోయి గుడి వెనక కూర్చున్నారు. ఆకలి, దప్పిక మమ్మల్ని ఇక్కడికి తెచ్చినాయి, మాకు గుడ్డల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు, ఈ సంగతి రాజుకు చేరేయండి అని చెప్పినారంట. దాన్ని ఒక రాతగాడు కాగితం లాంటి పపైరస్ మీద రాసినాడు. అది ఇప్పుడు ఇటలీలో టూరిను ఊరి మ్యూజియములో భద్రంగా ఉంది. ప్రపంచంలో రాతలో దొరికిన మొదటి సమ్మె అదేనంట. రావాల్సిన ధాన్యం వచ్చింది. మళ్ళీ ఆలస్యమైంది, మళ్ళీ కూర్చున్నారు.

మా యూనియనన్న సీట్లో నిలబడిపోయినాడు. 2016 ఏప్రిల్లో పి.ఎఫ్. డబ్బు తీసుకునే రూలు మార్చినప్పుడు మన గార్మెంట్స్ ఆడపిల్లలు వేలల్లో వచ్చి హోసూరు రోడ్డు మీద కూర్చున్నది మనమంతా కండ్లారా చూసిందే. అప్పుడు హెబ్బగోడిలో జరిగిన గలాటా, కాలిన బండ్లు, లాఠీ దెబ్బలు కూడా మరిచేవి కావు. రెండు దినాల్లో ఆ రూలు వెనక్కి పోయింది. "చూసినారా, ఎవరు నేర్పినారమ్మా ఈ ఆడపిల్లలకు? ఏ రామ్సెస్ కాలం నుంచి వస్తా ఉండాది ఇది" అని అన్న ఉపన్యాసం మొదలుపెడితే, డ్రైవరు లైటు ఆర్పేసినాడు. అనంతపురం దాటేసరికి అందరం నిద్ర.

హైదరాబాదులో నాంపల్లి కాడ లాడ్జిలో స్నానాలు చేసుకుని, ఇడ్లీ తిని, నడుచుకుంటానే పబ్లిక్ గార్డెన్స్‌కు పోయినాం. అసెంబ్లీ పక్కనే. పెద్ద చెట్లు, మంచి నీడ. నిజాం కాలం కట్టడంలోనే మ్యూజియం. బుద్ధ విగ్రహాలు, శాతవాహనుల నాణేలు, బిదిరి పని సామాన్లు ఎన్నో ఉన్నాయి. అవన్నీ రాస్తే ఈ పత్రిక చాలదు, మా కాళ్ళు కూడా అప్పుడు మమ్మీ వైపే లాగుతా ఉండె.

మా వదిన లోపలికి రానని చెట్టు కింద సంచుల కాపలా కూర్చుంది.

మమ్మీ గాజు పెట్టెలో పడుకుని ఉంది. రాకుమారి నైషు అని పేరు చెప్తారు. 1920 ప్రాంతంలో ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌన్లు పెట్టి కొని తెచ్చినాడంట. ఆయన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇస్తే, నిజాం 1930లో మ్యూజియముకు ఇచ్చినాడు. రాజులు మనుషుల్ని కూడా కొని బహుమానంగా ఇచ్చుకుంటారు, బతికినోళ్ళనైనా చచ్చినోళ్ళనైనా. 2016లో స్కానింగ్ తీసి చూస్తే పాతికేండ్ల ఆడమనిషి అని తేలింది. లోపల గాలి తగిలితే పాడవుతుందని, గాలి తీసేసి నైట్రోజన్ నింపిన పెట్టెలో పెట్టినారు. మనం చూసేది ఆ గాజు బయట నుంచే.

నేను ఎముకలు, పుర్రె అని భయపడుకుంటా పోయినా. అట్లా ఏం లేదు. కనపడేది గుడ్డే. తల నుంచి కాళ్ళ దాకా గోధుమరంగుకు తిరిగిన గుడ్డ చుట్లు. వాటి పైన రంగులేసిన బిళ్ళల మాదిరి కవచం. అది చెక్క కాదు, అట్ట కాదు. గుడ్డ పొరలు జిగురుతో అతికించి, పైన సున్నం లాంటి పూత పూసి, ఆరినాక బొమ్మలేస్తారు. మనం సైజింగులో పడుగుకు గంజి పట్టిస్తామే, ఇది ఆ విద్యకు పెద్దక్క అనుకోండి.

మమ్మీ చేసే పద్ధతి మనవరాలు చెప్పింది. డెబ్బై దినాల పని. మెదడు ముక్కులో నుంచి తీసేస్తారు. పక్కన కోసి పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు తీసి వేరే జాడీల్లో పెడతారు. గుండెను మాత్రం ఉంచుతారు, పైలోకంలో దాన్ని తూకం వేస్తారని వాళ్ళ నమ్మకం. తర్వాత శరీరం నిండా నాట్రాన్ కప్పుతారు. నాట్రాన్ అంటే ఏందో అని మేం తెల్లమొహం వేస్తే, "అవ్వా, మన ఊర్లో చాకలోళ్ళు ఉబ్బకు వేసే చౌడు లేదూ, ఆ జాతిదే. ఎండిన చెరువుల అడుగున దొరికే సోడా ఉప్పు" అనింది. అప్పుడు అర్థమైంది. ఆ ఉప్పు నీరంతా పీల్చేస్తుంది. ఆనక నూనెలు, బంకలు పూసి గుడ్డ చుడతారు. అదీ పీలికలు పీలికలుగా, వేలుకు వేలు వేరుగా.

ఆ గుడ్డ గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. మమ్మీలకు చుట్టింది మన దేశపు మస్లిను అని కొందరు గొప్పగా చెప్తారు, మా యూనియనన్న కూడా బస్సులో మీసం తిప్పి అదే చెప్పినాడు. అది కాదు. వాళ్ళది నార గుడ్డ. అవిసె మొక్కను వేర్లతో పెరికి, నీళ్ళలో నానబెట్టి, కొట్టి నార తీస్తారు. మన పల్లెల్లో జనుము, గోగు నానబెట్టి నార తీసినట్టే. దాన్ని తకిలీ లాంటి కదురు మీద వడికి, రెండు పోగులు కలిపి పురి పెడతారు.

పురి గురించి ఒక తమాషా. అవిసె నార తడిసి ఆరేటప్పుడు దానంతటదే ఎడమకు తిరుగుతుందంట. అందుకని ఈజిప్టు వాళ్ళు దాని దారిలోనే ఎడమ పురి పెట్టి వడికినారు. మన దేశంలో పత్తిని కుడి పురితో వడికినారు. మనం మిల్లులో ఎస్ ట్విస్టు, జెడ్ ట్విస్టు అని చెప్పుకునేవి ఇవే. ఈజిప్టు ఎర్ర సముద్రం రేవుల్లో తవ్వకాలు జరిపినప్పుడు పాత గుడ్డ పేలికలు దొరికితే, పురి ఎటు తిరిగిందో చూసి ఇది ఇక్కడిది, ఇది ఇండియా నుంచి ఓడలో వచ్చింది అని గుర్తు పడతారంట. వైండింగులో ఇరవై ఏడేండ్లు తెగిన పోగు ముడేసినా గానీ, పురికి ఇంత పనుందని నాకెవరూ చెప్పలేదు. కండ్లద్దాలు సరిచేసుకుని గాజుకు ముక్కానించి చూసినా. గాజు బయట నుంచి పురి ఎక్కడ కనపడుతుంది? కాపలాయన వెనక్కి జరగమన్నాడు.

ఇంకొక సంగతి. మమ్మీకి చుట్టింది చాలా మార్లు కొత్త గుడ్డ కాదు. ఇంట్లో వాడిన దుప్పట్లు, కట్టుకున్న బట్టలు చించి పీలికలు చేసినవే. కొన్నిటికి అంచు కుట్టినది, చిరిగితే మాటేసింది, చాకలి గుర్తు కూడా కనపడతాయంట. మనం పాత చీరలు నాలుగు కలిపి బొంత కుట్టుకుంటామే, అట్లా. అప్పటికి నాకు ఆ పెట్టెలోని మనిషి మీద ఉన్న భయం పోయింది.

మగ్గం గురించి కూడా చెప్పాల. మా నాన్న ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద పంచెలు నేసేవాడు. ఈజిప్టు పాత మగ్గానికి గుంట కూడా లేదు. నాలుగు గుంజలు నేలలో దిగ్గొట్టి, రెండు దూలాల మధ్య పడుగు నేల మీదనే సాగదీసి, ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని నేసేవాళ్ళు. ఒక పెద్ద ఉద్యోగి సమాధిలో 4,000 ఏండ్ల నాటి చెక్క బొమ్మలు దొరికినాయి. మన సంక్రాంతి బొమ్మల కొలువు మాదిరి, ఒక చిన్న గదిలో వడికేవాళ్ళు, పడుగు పోసేవాళ్ళు, నేసేవాళ్ళు. మనవరాలు ఫోనులో ఫోటో చూపిస్తే మా వైండింగు డిపార్టుమెంటే అనిపించింది, సూపర్‌వైజరు ఒక్కడే తక్కువ. ఆ మగ్గం మీదనే అంగుళానికి నూరు పోగులు దాటిన సన్న గుడ్డ నేసినారు. మిల్లులో నేత షెడ్డులో చేసినవాళ్ళకు తెలుస్తుంది ఆ మాట బరువు.

మేం ఇట్లా గుడ్డ ముచ్చట్లలో ఉండగా వెనక నుంచి మా వదిన వచ్చి నిలబడింది. సంచులు డ్రైవరుకు అప్పగించి వచ్చిందంట. కొంగు నెత్తిన కప్పుకుని పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. "ఎంత చిన్న పిల్ల" అనింది. "పాతికేండ్లంట వదినా" అంటే, "మా చిన్నదాని ఈడు" అనింది. తర్వాత కాపలాయనను అడిగింది, "ఈమెకు తిథి ఎవరు పెడతారయ్యా?" అని. ఆయన పాపం ఏం చెప్తాడు, నవ్వినాడు.

దానికి జవాబు మనవరాలే చెప్పింది. ఈజిప్టు వాళ్ళు సమాధి గోడ మీద దారిన పోయేవాళ్ళను ఉద్దేశించి రాసుకునేవాళ్ళంట. మీ చేతిలో రొట్టె, నీళ్ళు ఏమీ లేకపోయినా ఫరవాలేదు, నోటితో నా పేరు చెప్పి, నాకు రొట్టె అందాల, నీళ్ళు అందాల అని ఒక్క మాట అంటే చాలు, అది నాకు చేరుతుంది అని. మా వదిన కాసేపు ఆలోచించి, చేతులు జోడించి, "నైషమ్మా, నీకు అన్నం అందాల తల్లీ, నీళ్ళు అందాల" అని గట్టిగానే అనింది. పక్కనున్న కాలేజీ పిల్లలు తిరిగి చూసినారు. బయటికొచ్చి కొళాయి కాడ కాళ్ళు, మొహం కడుక్కుని, మా అందరి కంటే ముందు పొట్లం విప్పి తినింది. తలస్నానం మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం. మూసీ ఒడ్డున. గడియారంలో నుంచి బొమ్మ వచ్చి గంట కొట్టేది చూసేదానికి అంతా కూర్చుంటారు, మేమూ కూర్చున్నాం. ముసుగు కప్పుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ చూసి మాకు నోట మాట రాలేదు. రాతిలో పలచటి గుడ్డ ఎట్లా చెక్కినాడో! మా విషయానికొస్తే, అక్కడ టూటంఖామున్ సింహాసనానికి నకలు ఉంది. 1922లో హోవర్డ్ కార్టర్ అనే దొర తవ్వించిన సమాధిలోది అసలుది, అది ఈజిప్టులోనే ఉంది. ఆ పడుచు రాజు సమాధిలో బంగారమే కాదు, బట్టల పెట్టెలు కూడా ఉన్నాయంట. గోచీలే నూట నలభైకి పైన. మా మగవాళ్ళకు అది పెద్ద ముచ్చటయింది, "రాజు కూడా పైలోకానికి గోచీలు మూటగట్టుకునే పోయినాడు" అని. చార్మినారు చూసి, ఇరానీ చాయ్ తాగి, లాడ్జి చేరేసరికి రాత్రి ఎనిమిది.

అప్పుడు మామకు ఆయాసం ఎక్కువైంది. చార్మినారు కాడి పొగ, జనం, పొద్దుటి నుంచి నడక. పంపు పీల్చినాడు, కిటికీ కాడ కూర్చోబెట్టినాం. డాక్టరు కాడికి పోవాల్సి వస్తుందేమోనని మనవరాలు ఆ ప్లాస్టిక్ కవరు విప్పి కాగితాలు చూడసాగింది. అరగంటకు ఆయన కుదుటపడినాడు గానీ, ఈ పిల్ల కాగితాలు వదల్లేదు.

పాత కాగితాలన్నిటిలో ఉబ్బసం అని ఉంది. పనిలో ఉన్నప్పుడు చూసిన డాక్టరు ఒకాయన ఏండ్ల తరబడి అదే రాసినాడు. రిటైరైనంక వేరే పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ మాత్రం ఏ మిల్లు, ఏ సెక్షను, ఎన్నేండ్లు అని అడిగి, బిసినోసిస్ అని రాసింది. మామ ఇంట్లో వాళ్ళకు ఆ ఇంగ్లీషు మాట అర్థం కాక, ఉబ్బసానికే పెద్ద పేరనుకుని కవరులో పెట్టేసినారు.

మనవరాలు ఫోనులో చూసి, చూసి, ఒక్కసారిగా "అవ్వా!" అనింది. బిసోస్ అంటే గ్రీకు మాటలో సన్న నార గుడ్డ. దాదాపు 2,500 ఏండ్ల కిందట హెరొడోటస్ అనే గ్రీకు ఆయన ఈజిప్టుకు పోయి, శవాలకు చుట్టేది బిసోస్ గుడ్డ పీలికలని రాసినాడు. నూట యాభై ఏండ్ల కిందట ఫ్రాన్సు డాక్టరు ఒకాయన మిల్లు దుమ్ము జబ్బుకు పేరు పెట్టాల్సి వచ్చి, ఆ మాటనే తీసుకున్నాడు. పొద్దున మేం గాజు పెట్టెలో చూసిన గుడ్డ పేరే మామ కాగితంలోని జబ్బు పేరు.

ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనికెక్కితే రొమ్ము పట్టేసినట్టుండేది, మంగళవారానికి కొంచెం తగ్గేది. బ్లో రూము వాళ్ళకు, కార్డింగు వాళ్ళకు ఇది బాగా తెలుసు. సోమవారం జబ్బు అని నవ్వుకునేవాళ్ళం, పని దొంగలని మేస్త్రీలు తిట్టేవాళ్ళు. ఆ సోమవారం పట్టడమే ఈ జబ్బుకు మొదటి గుర్తంట, డాక్టరు పుస్తకాల్లోనే ఉంది. పనివల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇచ్చే చట్టం వెనక ఆ జబ్బుల పట్టీ ఉంటుంది. అందులో పత్తి, అవిసె, జనపనార, కిత్తనార దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని రాసి ఉంది. ఉబ్బసం అని ఉంటే ఇంటి జబ్బు. ఈ పేరు ఉంటే పని జబ్బు.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఊర్లో నేసినోళ్ళ ఊపిరితిత్తులు ఎట్లుండెనో" అన్నాడు.

దానికీ జవాబుంది. కెనడా దేశం టొరంటో మ్యూజియములో నఖ్త్ అనే పిల్లవాని మమ్మీ ఉండాది. పద్నాలుగు, పద్దెనిమిది ఏండ్ల మధ్య వయసు. మూడో రామ్సెస్ తండ్రి సెత్‌నఖ్త్ పేరు మీదున్న గుడిలో నేతపనివాడు. అంటే ఆ సమ్మె జరిగింది ఇంచుమించు ఈ పిల్లవాని కాలానికి తర్వాతి తరంలోనే. వాని పెట్టె మీద పేరుతో పాటు నేతగాడు అని పని కూడా రాసి ఉంది. డబ్బున్నోళ్ళు కాదు గదా, మెదడు తీసేది, పేగులు తీసేది ఏమీ చేయకుండా ఊరికే గుడ్డ చుట్టి పెట్టినారు. అదే డాక్టర్లకు మేలైంది. 1974లో కోసి చూస్తే లోపలన్నీ ఉన్నాయి. నైలు నీళ్ళ నుంచి వచ్చే పురుగు గుడ్లు, పేగుల్లో పురుగులు, చెడిపోయిన కాలేయం. ఊపిరితిత్తుల్లో పొగ మసి. ఇరవై నిండని పిల్లవానికి.

"పేరు, పని, జబ్బు మూడూ రాసి ఉన్నాయా వానికి?" అని మామ మళ్ళీ అడిగినాడు. ఉన్నాయి అని మనవరాలు చెప్పింది.

యూనియనన్న రాత్రంతా లెక్కలు చెప్పినాడు. రిటైరై ఇన్నేండ్లయింది, గడువు దాటిందంటారు, మిల్లు మూతపడింది, రికార్డు ఎవరి కాడుందో వెతకాల, వచ్చేది తక్కువ, తిరిగేది ఎక్కువ అని దాచకుండా చెప్పినాడు. అయినా డాక్టరమ్మ కాగితం ఉంది, దాని పక్కన ఏ ఏడు ఏ సెక్షనులో చేసినాడో వివరం ఉండాల, సాక్షులుగా తోటి పనివాళ్ళుండాల, అది లేకుండా లాయరు కాడికి పోయినా లాభం లేదన్నాడు. సాక్షులం మేం ఇరవై మందిమి ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు పనిలో ఉన్న పిల్లలు కూడా దగ్గొస్తే మందుల షాపులో సిరప్పు కొనుక్కుని ఊరుకోకుండా, డాక్టరు కాడ ఏ మిల్లు, ఏ సెక్షను, ఎన్నేండ్లు అనేది నోరు తెరిచి చెప్పి రాయించుకోండి. మాస్కు మూతికి కట్టుకోండి, మెడకు కాదు.

ఆదివారం పొద్దున బయలుదేరినాం. గోలకొండ చూడాలని కొందరికుండె గానీ, మామకు మెట్లు పడవని మానేసినాం. కర్నూలు కాడ తుంగభద్ర వంతెన దాటి, హోటల్లో జొన్నరొట్టె తిన్నాం. బస్సు కదిలినాక మామ మా మనవరాలిని పక్క సీట్లోకి పిలిచి, నోటుబుక్కు తీయమన్నాడు. పనికి చేరిన దినం, మొదటి మేస్త్రీ, ఏ బ్లో రూము, ఏ షిఫ్టు, పక్కన ఎవరెవరు చేసేవాళ్ళు, వాళ్ళలో ఎవరు దగ్గుతో పోయినారు అని ఒక్కటొక్కటే చెప్తా పోయినాడు. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు. తేదీల్లో తికమకైతే వెనక సీట్ల నుంచి మేం అందిస్తా ఉంటిమి. గుత్తి దాటేసరికి 1987 కాడికి వచ్చినాడు.